ఎనిమిది పేర్లు, ఎనిమిది ఆస్కార్లు

చాడీలు చెప్పకూడదని చిన్నప్పుడు మనకు నేర్పిన పెద్దవాళ్లు, పాపం, లోకం తెలియనివాళ్లు. హాలీవుడ్ దర్శకుడు ఎలియా కజాన్ గురించి వాళ్లు విని ఉండరు.

1952 ఏప్రిల్‌లో, సినిమావాళ్లలో కమ్యూనిస్టులను ఏరే పనిలో ఉన్న అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని ఆయన ఎనిమిది మంది పేర్లు చెప్పాడు. 1930లలో తనతోపాటు గ్రూప్ థియేటర్ అనే న్యూయార్క్ నాటక బృందంలోనూ, కమ్యూనిస్టు పార్టీలోనూ ఉన్నవాళ్లే. రెండు రోజులకే న్యూయార్క్ టైమ్స్‌లో డబ్బులిచ్చి ప్రకటన వేయించి, మీరూ చెప్పండని మిగతావాళ్లకు హితబోధ చేశాడు. చెప్పిన చాడీకి పబ్లిసిటీ ఖర్చు కూడా సొంతంగా భరించడం మామూలు విషయం కాదు. 1954లో ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ తీశాడు. దానికి ఎనిమిది ఆస్కార్లు. పేరుకొకటి చొప్పున లెక్క సరిపోయింది.

సినిమా కథ ఇది: న్యూయార్క్ పక్కనున్న హోబోకెన్ రేవు, యూనియన్‌ను గుప్పెట్లో పెట్టుకున్న రౌడీలు, నోరు విప్పని కూలీలు. హీరో మార్లన్ బ్రాండో రౌడీల మీద సాక్ష్యం చెప్పి, తన్నులు తిని, పుణ్యపురుషుడవుతాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, సినిమా తీసి మరీ తడుముకున్నది ఈయనొక్కడే. రేవు రౌడీలు మనుషులను చంపారు, కజాన్ చెప్పిన ఎనిమిది మంది నాటకాలు వేశారు. ఇంత చిన్న తేడా కూడా పట్టుకునేది గిట్టనివాళ్లే.

టీమ్ కూడా ఆషామాషీది కాదు. స్క్రిప్టు రాసిన బడ్ షుల్‌బర్గ్ 1951లోనే పేర్లు చెప్పొచ్చాడు. ఇన్‌ఫార్మర్లంటే పళ్లు కొరికే విలన్‌గా వేసిన లీ జె. కాబ్ 1953లో చెప్పాడు. అనుభవం ఉన్నవాళ్లను పెట్టుకోవాలనేది ఇందుకే.

అంతకుముందు ఇలాంటి రేవు కథే రాసిన నాటక రచయిత ఆర్థర్ మిల్లర్‌ని, అందులో రౌడీలను కమ్యూనిస్టులుగా మార్చమని స్టూడియో అడిగిందట. ఆయన స్క్రిప్టు వెనక్కి తీసుకున్నాడు. లౌక్యం లేని మనిషి! పేర్లు చెప్పనన్నందుకు 1957లో కోర్టు దోషిగా తేల్చింది.

చిక్కేమిటంటే, సినిమా నిజంగా బాగుంటుంది. టాక్సీ సీను చూడండి. కారు వెనక కదిలే వీధిని చూపించే ఏర్పాటు లేక వెనక అద్దానికి బ్లైండ్ తగిలించారు. అన్న తుపాకీ తీస్తాడు. తమ్ముడు బ్రాండో కోప్పడడు, దాన్ని మెల్లగా పక్కకు నెడతాడు. ఆ క్షణంలో బ్లైండ్ వెనక ఏముందో చూడాలని ఎవరికీ తోచదు.

1999లో కజాన్‌కు గౌరవ ఆస్కార్ ఇచ్చినప్పుడు హాల్లో సగం మంది లేచి చప్పట్లు కొడుతుంటే, కొందరు చేతులు కట్టుకుని కుర్చీల్లోనే ఉండిపోయారు. వాళ్ల పేర్లు మాత్రం నేను చెప్పను.