పరిహారాలు అమ్మేవాడు గురువు కాలేడు

జ్యోతిషంలో అడుగుపెట్టిన చాలామందికి ఏదో ఒక రోజు ఫలం చెప్పడంతో ఆగకుండా, దారి చూపే స్థానానికి ఎదగాలనిపిస్తుంది. టీవీ చానళ్లు, యూట్యూబు వచ్చాక ఆ ప్రయాణం ఎంత తొందరగా ముగిసిపోతోందో చూస్తూనే ఉన్నాం. ఈ శాస్త్రంలో ఆధ్యాత్మిక మార్గదర్శకత్వానికి అడ్డదారి లేదని, పరిహారాల మీద బతికేవాడికి ఆ దారి అసలే తెరుచుకోదని నా గట్టి నమ్మకం.

ఆరో శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహిత రెండో అధ్యాయంలో దైవజ్ఞుడి, అంటే జ్యోతిష్కుడి, లక్షణాలు చెబుతూ వినయమైన వేషం, సత్యవాక్కు, అసూయ లేకపోవడం, దేవతార్చన, వ్రతోపవాసాలు వంటివి ముందు పేర్కొని, ఆ తరవాతే పంచ సిద్ధాంతాలనే ఖగోళ గ్రంథాల గణితానికి వచ్చాడు. ఆ గణితం కూడా వినయమే నేర్పుతుంది. రాశిని తొమ్మిది భాగాలు చేసే నవాంశలో ఒక్కో భాగం 3 డిగ్రీల 20 కళలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కళ). అంటే పుట్టిన క్షణంలో తూర్పున ఉదయిస్తున్న భాగం, అదే నవాంశ లగ్నం, సగటున 13 నిమిషాలకోసారి మారిపోతుంది. పుట్టిన సమయం 'ఏడుంబావు ప్రాంతంలో' అని ఇంట్లోవాళ్లు గుర్తుచేసుకుని చెప్పిన జాతకం ముందు పెట్టుకుని, ఇది తెలిసినవాడెవడూ గుండెమీద చెయ్యి వేసుకుని తీర్పు చెప్పలేడు.

ఒక తల్లి కూతురి జాతకం పట్టుకొచ్చి కూర్చుంటుంది. రెండు సంబంధాలు తప్పిపోయాయి, ఎవరో కుజదోషం అన్నారు. కుజుడు 2, 4, 7, 8, 12 స్థానాల్లో ఉంటే దోషమంటారు. పన్నెండింట అయిదు! లగ్నం నుంచి మాత్రమే లెక్కించినా పదిమందిలో సుమారు నలుగురికి ఉండే దోషమిది. చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి కూడా చూస్తే తప్పించుకునేవాళ్లు కొద్దిమందే. పైగా కుజుడు స్వక్షేత్రమైన సొంత రాశిలోనో, బలం ఎక్కువగా ఉండే ఉచ్చ రాశిలోనో ఉంటే దోషం వర్తించదన్న మినహాయింపులు సంప్రదాయంలోనే ఉన్నాయి. ఈ లెక్కంతా కాగితం మీద వేసి ఆమెకు చూపించడానికి పది నిమిషాలు చాలు. చూపిస్తే ఆమె గుండెబరువు దించుకుని లేచి వెళ్తుంది, శాంతిపూజ సంభావన మాత్రం రాదు. ఎదుట ఉన్నవాడు గురువో వ్యాపారో తేలేది ఆ పది నిమిషాల్లోనే.

గ్రహాలకూ మన బతుకులకూ సంబంధం ఉందనడానికి రుజువు లేదన్నది హేతువాదుల మాట. విశ్వవిద్యాలయాల్లో యూజీసీ తలపెట్టిన జ్యోతిష కోర్సుల మీద శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ న్యాయపోరాటం చేశారు. 2004లో సుప్రీంకోర్టు ఆయన అప్పీలును కొట్టివేసింది. హేతువాదుల వాదనను నేను తేలిగ్గా తీసుకోను. అయితే అది నెగ్గి ఉన్నా, ఆ తల్లి ఎవరి దగ్గరకు వెళ్లాలన్న ప్రశ్న అలాగే మిగిలి ఉండేది.

నన్ను తొలిచేది ఆ ప్రశ్నే. ఒకప్పుడు ఇంట్లో ఒక మేనత్తో పెదనాన్నో కూర్చోబెట్టుకుని గోడు వినేవారు. ఇప్పుడు ఏలినాటి శని గురించి అడగడానికి వచ్చిన మనిషి, ఉద్యోగం పోయి మూడు నెలలైందని, ఇంట్లో ఇంకా చెప్పలేదని మొదటిసారి నోరు విప్పేది జ్యోతిష్కుడి ఎదుటే. వినేవాళ్లు కరువైన సమాజంలో ఆ గది ఒక్కటే తెరిచి ఉంది, అక్కడ కూడా ఉంగరాలు, యంత్రాలు అమ్మకానికి పెడితే అంతకన్నా ద్రోహం లేదు. జీవితాన్ని గ్రహాల వారీగా దశలుగా పంచే వింశోత్తరి పద్ధతిలో అన్నిటికన్నా పొడవైన శుక్రదశ కూడా ఇరవై ఏళ్లకు ముగుస్తుందని చెప్పి ధైర్యమివ్వడం, పైసా ఖర్చులేని నామజపం సూచించడం, నిద్రపట్టక కుంగిపోతున్నవాణ్ణి వైద్యుడి దగ్గరకు పంపడం జ్యోతిష్కుడి ధర్మం. జాతక ఫలాలు చెప్పే హోరాశాస్త్రం బోధిస్తున్న విశ్వవిద్యాలయాలు ఎదుటి మనిషి మాట వినడాన్ని కూడా ఒక పాఠంగా చేర్చి, అందులో ఉత్తీర్ణుడైన విద్యార్థికే పట్టా ఇవ్వాలి.