లిఫ్టు ఉందని కాదు, ఇవాళ నడుస్తోందా అన్నది చెప్పండి

స్టేషన్‌లో కొత్త లిఫ్టు పెట్టిన రోజు రిబ్బను కత్తిరిస్తారు, కొబ్బరికాయ కొడతారు, మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఫొటో వస్తుంది. అదే లిఫ్టు ఆగిపోయిన రోజు తలుపు మీద ఓ తెల్ల కాగితం అంటిస్తారు. 'పని చేయుట లేదు'. అంతే. ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా, ఇంకో దారేమైనా ఉందా, ఆ ఊసే ఉండదు. పైగా ఆ కాగితం ఉండేదెక్కడ? లిఫ్టు దగ్గరే. మోకాళ్లు అరిగిన మనిషి ఆటో దిగి, బ్యాగు ఈడ్చుకుంటూ, జనాన్ని తప్పించుకుంటూ అక్కడిదాకా వచ్చాకే ఆ సంగతి తెలియాలన్నమాట. అప్పటికి రైలు ఔటర్‌లో ఉంటుంది.

ఈ విషయం మీద నాకు చాలా కాలంగా కడుపుమంట. ఇవాళ కక్కేస్తున్నా. పొడుగ్గా ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

నేనుండేది జర్మనీలో. ముందే చెప్తున్నా, ఇది జర్మనీ భజన కాదు. ఇక్కడి రైళ్లు గడియారం పెట్టుకుని నడుస్తాయన్నది మన నాన్నల కాలం నాటి మాట. 2024లో దూరప్రాంతపు రైళ్లలో టైముకి వచ్చినవి 62.5 శాతం. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యమే కాదనుకుంటే! లిఫ్టులు కూడా ఆగిపోతూనే ఉంటాయి. ఇక్కడ యంత్రాలేమీ దేవలోకం నుంచి దిగలేదు.

కానీ ఒక్క పని చేశారు. ఇక్కడి ప్రభుత్వ రైల్వే సంస్థ డాయిచె బాన్ వాళ్లు తమ స్టేషన్లలో ఉన్న లిఫ్టులు, ఎస్కలేటర్లు ఈ క్షణాన ఎలా ఉన్నాయో ఆ సమాచారాన్ని ఓపెన్ డేటాగా బయట పెట్టారు. దానికి 'ఫాస్టా' అని పేరు. అంటే వాళ్ల యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో మనం వెళ్లి చూసుకోవడం ఒక్కటే కాదు. రిజిస్టర్ చేసుకుంటే చాలు, ఎవరు రాసిన ప్రోగ్రామైనా నేరుగా అడిగి తెచ్చుకోవచ్చు. ఒక్కో యంత్రానికి ఒక నంబరు ఉంటుంది. అది ఏ స్టేషన్‌లో ఉంది, లిఫ్టా ఎస్కలేటరా, మ్యాపు మీద ఎక్కడుంది, ఏ ప్లాట్‌ఫాం దగ్గరకి తీసుకెళ్తుంది అన్నవి ఉంటాయి. పక్కనే దాని స్థితి. మూడే మాటలు: యాక్టివ్, ఇనాక్టివ్, అన్‌నోన్.

ఆ మూడోదంటే నాకు చాలా గౌరవం. ప్రభుత్వ సొమ్ముతో నడిచే అంత పెద్ద సంస్థ 'మాకు తెలియదు' అని రాసుకోవడానికి ఒక గడి పెట్టుకుంది చూశారా! యంత్రం నుంచి కబురు రాకపోతే 'బాగానే ఉంది' అని బుకాయించదు. మన దగ్గరైతే ఫిర్యాదు రానంతవరకూ అన్నీ నడుస్తున్నట్టే లెక్క. ఫిర్యాదు వచ్చినా, 'పరిష్కరించబడినది' అని మెసేజ్ వచ్చేస్తే ఇక నడుస్తున్నట్టే.

ఈ డేటా బయటికొస్తే ఏమవుతుందో బెర్లిన్‌లో చూడండి. అక్కడ భూగర్భ రైళ్లు నడిపేది ఒకరు, ఎస్-బాన్ అనే లోకల్ రైళ్లు నడిపేది ఇంకొకరు, పెద్ద స్టేషన్ల నిర్వహణ మరొకరిది. చక్రాల కుర్చీలో తిరిగే మనిషికి ఈ హద్దులతో ఏం పని? ఇంటి నుంచి ఆఫీసుకి వెళ్లడం ఆయనకి ఒకటే ప్రయాణం. సోజియాల్‌హెల్డెన్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో రౌల్ క్రౌట్‌హౌజెన్ ఒకరు, ఆయనా చక్రాల కుర్చీ వాడతారు. ఏయే చోట్లకి చక్రాల కుర్చీ వెళ్తుందో చూపే వీల్‌మ్యాప్‌ని 2010లో తెచ్చింది ఈ సంస్థే. ఆ తర్వాత బ్రోకెన్‌లిఫ్ట్స్ అని ఇంకోటి పెట్టి, బెర్లిన్‌లో ఎవరి లిఫ్టు ఎవరిదన్నది పక్కన పెట్టి, ఏది ఆగిందో అన్నీ ఒకేచోట చూపించారు. మామూలుగా ఏ రైల్వే సంస్థా తన యాప్‌లో పక్కవాడి లిఫ్టు గురించి పట్టించుకోదు. డేటా తెరిచి ఉంటే మూడో మనిషి వచ్చి ఆ పని చేస్తాడు. నాకు ఇందులో నచ్చిందంతా ఇదే.

మా ఇంట్లో దీని వాడకం ఇంకా చిన్నది. తెనాలి నుంచి అత్తయ్యగారు వేసవిలో వచ్చి కొన్నాళ్లుంటారు. రెండు మోకాళ్లూ ఇబ్బంది పెడతాయి, ఒకరి మీద ఆధారపడటమంటే మాత్రం అస్సలు పడదు. మావారు చిన్న ప్రోగ్రాం రాశారు. మేం వాడే స్టేషన్లలో లిఫ్టు ఆగిందంటే మా ఫ్యామిలీ గ్రూపులోకి తెలుగులో మెసేజ్ వస్తుంది: 'లిఫ్టు పడుకుంది, మూడో ప్లాట్‌ఫాం.' ఆ మాట అత్తయ్యగారిదే. మెసేజ్ చూసుకుని, సరే బస్సులో పోదాం అనో, ఒక స్టేషన్ ముందే దిగుదాం అనో ఆవిడే తేల్చేస్తారు. చెప్పులేసుకోక ముందే ఆ సంగతి తేలిపోతుంది. లేదంటే మెట్ల దగ్గర నిలబడి, ముక్కూ మొహం తెలియని ఇద్దరు కుర్రాళ్లు చెరో రెక్క పట్టుకుని దింపుతుంటే, 'థాంక్యూ, థాంక్యూ' అంటూ ముఖం చిన్నబుచ్చుకోవడమే. సాయం చేసినవాళ్లు మంచివాళ్లే. ఆవిడకి కావలసింది మాత్రం సాయం కాదు, కబురు.

ఈ డేటా కూడా సర్వరోగ నివారిణేం కాదు. లిఫ్టు యాక్టివ్ అనే ఉంటుంది, లోపలికి అడుగు పెట్టలేనంత కంపు కొడుతుంటుంది. ఆ కంపుని ఏ సెన్సరూ పట్టదు. ఎప్పటికి బాగవుతుందో చాలాసార్లు ఉండదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆగిందని చెప్తుంది గానీ, ఆగితే నేనేం చేయాలో చెప్పదు. దానికి స్టేషన్ లోపలి దారులన్నీ కూడా డేటాలో ఉండాలి. ప్రజా రవాణా వేళలు ప్రచురించడానికి ప్రపంచమంతా వాడే జీటీఎఫ్ఎస్ అనే పద్ధతిలో దానికీ చోటుంది. మెట్లు, ఎస్కలేటర్, లిఫ్టు, టికెట్ గేటు, ఒక్కోదానికి ఒక్కో అంకె ఇచ్చి ఎక్కడ్నుంచి ఎక్కడికో రాయొచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2016లోనే ఓపెన్ డేటా విధానం తెచ్చింది, హైదరాబాద్ మెట్రో వేళలు తన ఓపెన్ డేటా పోర్టల్‌లో ఈ జీటీఎఫ్ఎస్ రూపంలోనే పెట్టింది. అంటే బండి కట్టి ఉంది, ఎక్కించాల్సిన సరుకే మిగిలింది.

ఇప్పుడు శాతాల గోల. లిఫ్టుల గురించి ఏ అధికారిని అడిగినా మొదట వచ్చే జవాబు శాతమే. న్యూయార్క్ సబ్‌వే వాళ్లు ఒక్కో లిఫ్టు, ఒక్కో ఎస్కలేటర్ నెలలో ఎంత సమయం అందుబాటులో ఉందో 2015 నుంచీ ఉన్న లెక్కలు బయట పెడుతున్నారు. మంచిదే. కానీ ఆ అంకెని ఎలా చదవాలో తెలుసుకోవాలి. ఒక లిఫ్టు 97 శాతం సమయం నడుస్తుందనుకుందాం. వినడానికి డిస్టింక్షన్ మార్కుల్లా ఉంది కదా. కానీ నేను ప్రయాణం చేయాలంటే నాలుగు లిఫ్టులు ఎక్కాలి: మొదటి స్టేషన్‌లో ఒకటి, రైలు మారే చోట రెండు, దిగే చోట ఒకటి. ఒకదాని రిపేరుకీ ఇంకోదాని రిపేరుకీ సంబంధం లేదనుకుంటే, నాలుగూ ఒకేసారి నడుస్తుండే అవకాశం 88 శాతం చిల్లర. అంటే తొమ్మిది ప్రయాణాల్లో ఒకటి ఎక్కడో ఒకచోట మెట్ల ముందు ఆగిపోతుంది. రోజూ ఉద్యోగానికి వెళ్లే మనిషికి వారం తిరక్కుండా ఒకసారి. యంత్రం మార్కులూ మనిషి మార్కులూ ఒకటి కావు. ఈ లెక్క వేయాలన్నా, ఏ లిఫ్టు ఎప్పుడు ఆగిందో విడివిడిగా బయటికి రావాలి. సగటు అంకె మా మొహాన కొడితే దాన్నేం చేసుకుంటాం?

న్యూయార్క్‌లో కూడా ఊరికే ఏమీ రాలేదు లెండి. 472 స్టేషన్లున్న ఆ సబ్‌వేలో ఎక్కువ శాతం స్టేషన్లకి నేటికీ లిఫ్టే లేదు. వికలాంగుల సంఘాలు కోర్టుకెక్కితే 2022లో రాజీకొచ్చి, 2055 కల్లా 95 శాతం స్టేషన్లు అందరికీ అందుబాటులోకి తెస్తామన్నారు. 2055! అప్పటికి నాకే చేతికర్ర వస్తుంది.

సరే, మన ఊరికొద్దాం. నా అసలు కోపం ఇక్కడే.

లిఫ్టు సమాచారం అందరికన్నా ఎక్కువ కావలసింది మనకి. ఎందుకంటే మన దగ్గర ప్లాట్‌ఫాం మారుతుంది. సికింద్రాబాద్‌లో పది ప్లాట్‌ఫాంలు. ముసలాయన్ని తీసుకెళ్లి ఒకటో నంబరు మీద కూర్చోబెడతాం. రైలు వచ్చే ముందు మైకులో 'ప్రయాణికులకు విజ్ఞప్తి' మొదలవుతుంది. ఇక పరుగే. ఆ ఐదు నిమిషాల్లో మధ్యలో ఉన్న లిఫ్టు నడుస్తోందా లేదా అన్నదాని మీదే ఆ ప్రయాణం ఉందా లేదా అన్నది తేలుతుంది. రైలు ఏ ప్లాట్‌ఫాం మీదకి వస్తుందో ఫోన్లో చూసుకునే ఏర్పాటు రైల్వే చేసింది. ఆ ప్లాట్‌ఫాం మీదకి ఎలా చేరాలో మాత్రం మన తిప్పలు మనవి. బ్యాటరీ కారు ఉందంటారు. అది ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కదు కదా! చాలా స్టేషన్లలో చక్రాల కుర్చీని ప్లాట్‌ఫాం చివరిదాకా తోసుకెళ్లి పట్టాల మీదుగా దాటిస్తారు. ఆ దారిలో కుర్చీలో కూర్చున్నవాళ్ల ముఖం ఎప్పుడైనా గమనించారా?

ఎస్కలేటర్ల సంగతి ఇంకో వేడుక. చాలాచోట్ల ఎక్కేదే ఉంటుంది, దిగేది ఉండదు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లని అడగండి, ఎక్కడం కన్నా దిగడమే నరకం. అరిగిన కీలు మీద ఒంటి బరువంతా పడేది అప్పుడే. స్టేషన్ సదుపాయాల జాబితాలో 'ఎస్కలేటర్: ఉంది' అని రాస్తే సరిపోతుందా? ఎక్కేదా, దిగేదా? ఇక ఎవడో పనిలేనివాడు ఎర్ర బటన్ నొక్కి పోతాడు, అది ఆగిపోతుంది. మళ్లీ నడపడానికి తాళంచెవి ఉన్న మనిషి రావాలి. బటన్ నొక్కితే ఆగిందా, మోటారు కాలి ఆగిందా అన్నది కూడా డేటాలో ఉంటే, ఒకదానికి కాపలా మనిషిని పెట్టాలనీ, రెండోదానికి కాంట్రాక్టర్‌ని నిలదీయాలనీ చూసిన ఎవరికైనా తెలుస్తుంది. బహుశా అందుకే బయటికి రాదేమో. ఇది నా అనుమానం మాత్రమే.

అమృత్ భారత్ పథకం కింద దేశమంతా స్టేషన్లు బాగు చేస్తున్నారు. 2025 మే 22న ఒకేసారి 103 స్టేషన్లు ప్రారంభించారు, మన బేగంపేట, వరంగల్, కరీంనగర్, సూళ్లూరుపేట కూడా వాటిలో ఉన్నాయి. సికింద్రాబాద్‌కి ₹700 కోట్ల పైచిలుకు. సంతోషం, నిజంగానే. కొత్తగా కడుతున్నప్పుడే ప్రతి లిఫ్టుకీ ఒక నంబరు, ఒక వైరు తగిలిస్తే అయ్యే ఖర్చెంత?

'ముందు లిఫ్టులు పెట్టనివ్వండి, డేటా సంగతి తర్వాత' అనేవాళ్లుంటారు. మా అన్నయ్యే అంటాడు. అన్నయ్యా, డేటా లేకపోతే పెట్టిన లిఫ్టు ఉన్నట్టో లేనట్టో నీకెలా తెలుస్తుంది? ఇంకొకరు 'పల్లెటూరి ముసలమ్మకి ఓపెన్ డేటా ఏం తెలుసు' అంటారు. ఆవిడ డేటా చూడక్కర్లేదండీ. ఒక్కసారి బయటపెడితే దాన్ని రైల్వే హెల్ప్‌లైన్ 139లో ఫోనెత్తినవాళ్లు చెప్పొచ్చు, రిజర్వేషన్ ఎస్సెమ్మెస్‌లో రావచ్చు, మైకులో తెలుగులో చదవొచ్చు. దయచేసి దీనికోసం ఇంకో యాప్ మాత్రం కట్టకండి. ఉన్న యాపులకే ఫోన్లో చోటు చాలట్లేదు. డేటా ఇవ్వండి చాలు, మిగతాది ఊళ్లో ఇంజినీరింగ్ పిల్లలు చూసుకుంటారు.

సెన్సర్లు ఖరీదంటారా, వద్దు. స్టేషన్లలో లిఫ్టులు, ఎస్కలేటర్లు చూసేది రైల్వే ఎలక్ట్రికల్ విభాగం. ఆగిన యంత్రం దగ్గరికి ఎలాగూ ఒక మనిషి వస్తాడు, ఏదో ఒక రిజిస్టర్‌లో రాస్తాడు. ఆ రాసేదేదో ఫోన్లో నొక్కితే చాలు. మొదటి ఏడాదికి అదే పదివేలు.

చట్టం లేక కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016 నాటిది. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు రాజీవ్ రటూరీ కేసులో, అందుబాటు నిబంధనలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి నియమాలు కావాలని ఆ చట్టం కింద పెట్టిన 15(1)వ రూలుని కొట్టేసింది. ఆ తీర్పుకి ఆధారమైన నివేదిక రాసింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే. డేటా పంచుకోవాలన్న కేంద్ర విధానమూ 2012 నాటిది. సమాచార హక్కు చట్టంలో నాలుగో సెక్షన్, అడగకముందే చెప్పమంటుంది. చెప్పట్లేదు కాబట్టి అడుగుతున్నా.

₹10 కట్టి ఆన్‌లైన్‌లో రైల్వేకి ఆర్టీఐ పెడుతున్నా. సికింద్రాబాద్, విజయవాడ, తెనాలి. ఏ స్టేషన్‌లో ఎన్ని లిఫ్టులు, ఎన్ని ఎస్కలేటర్లు, వాటిలో దిగేవెన్ని. పోయిన ఏడాది ఒక్కోటి ఏ తేదీన ఆగింది, ఏ తేదీన మళ్లీ నడిచింది, ఎందుకాగింది. మీ ఊరి స్టేషన్‌కి మీరూ పెట్టండి, ప్రశ్నలు ఇవే వాడుకోండి. జవాబు రిజిస్టర్ పేజీల జిరాక్స్ రూపంలో వచ్చినా పర్వాలేదు. కూర్చుని టైప్ చేయడానికి మావారూ నేనూ సిద్ధం, చేతిరాత చదివి పెట్టడానికి అత్తయ్యగారు ఒప్పుకున్నారు.