బెజవాడ చలికాలంలో బాలింత ఫ్యాషన్: ఒక లోతైన పరిశీలన

మా బీరువా తాళంచెవి కనపడకుండా పోయి ఇవాళ్టికి 64 రోజులు. మా పాప వయసు కూడా సరిగ్గా అంతే. హాస్పిటల్‌కి పరిగెత్తే హడావుడిలో ఎక్కడో పెట్టేశాను, అప్పట్నించి చీరలూ డ్రెస్సులూ లోపల క్షేమంగా ఉన్నాయి, నేను బయట నైటీలో క్షేమంగా ఉన్నాను, ఒకళ్ళకొకళ్ళం గుర్తొచ్చింది లేదు. ఇలా కొన్నే బట్టల్ని మార్చి మార్చి వేసుకుంటూ బతకడాన్ని క్యాప్సూల్ వార్డ్‌రోబ్ అంటారని, దీనికోసం జనం పనిగట్టుకుని కష్టపడతారని మొన్న మా అక్క చెప్పేదాకా నాకు తెలీదు.

అక్క ఉండేది చికాగోలో. "పాపతో అలిసిపోయుంటావు, ఏం వేసుకోవాలో ఆలోచించే ఓపిక కూడా ఉండదు, ఇవి ఓ పది కొని పెట్టుకో, దేని మీద ఏది వేసినా బాగుంటుంది" అని వాట్సాప్‌లో లిస్టు పంపింది. ఒంటె రంగు ఉన్ని కోటు, నల్ల లెగ్గింగ్స్, బూట్లు, గడ్డం దాకా మెడ ఉండే టర్టిల్‌నెక్ స్వెట్టర్లు రెండు. అక్కడ జనవరిలో సున్నా కిందకి పోతుంది కాబట్టి అవన్నీ కావాల్సిందే, కాదనను. కానీ ఆ టర్టిల్‌నెక్ దగ్గర నా బుర్ర ఆగిపోయింది. ఆకలేసి పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే మెడ నుంచి నడుం దాకా ఎక్కడా దారి లేని ఆ స్వెట్టర్‌లోంచి పాలెలా ఇస్తారండీ, కొండపల్లి కోటకైనా గుమ్మం ఉంది కదా.

సరే, తెలీకుండా మాట్లాడకూడదని రాత్రి రెండున్నర ఫీడింగ్‌లో కూర్చుని ఈ శాస్త్రం చరిత్ర చదివాను. 1970ల్లో లండన్‌లో సూసీ ఫో అనే ఆవిడ వార్డ్‌రోబ్ అనే పేరుతోనే బట్టల షాపు నడుపుతూ ఈ క్యాప్సూల్ వార్డ్‌రోబ్ అనే మాటని జనంలోకి తెచ్చిందంట. తర్వాత 1985లో న్యూయార్క్‌లో డోనా కరన్ అనే డిజైనర్ ఏడంటే ఏడు పీసులు చాలు ఆడవాళ్ళకి అని తేల్చేసింది. ఈ డోనా గారి సంగతి చదివితే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి (ఈ రోజుల్లో నాకు టూత్‌పేస్ట్ యాడ్‌కి కూడా తిరుగుతున్నాయి, అది వేరే విషయం). 1974లో ఈవిడ చేతిలో పురిటి బిడ్డ ఉండగానే ఈవిడ బాస్ ఆన్ క్లైన్ చనిపోయింది, సగంలో ఉన్న కలెక్షన్ పూర్తిచేసే భారమంతా ఈ పచ్చి బాలింత మీద పడింది. పొద్దున్నే ఈ కథంతా అమ్మకి చెప్పాను. అమ్మ మినపప్పు కడుగుతూ మొత్తం విని, "అయ్యో పాపం, చెవుల్లో దూదన్నా పెట్టుకుందా లేదా?" అంది.

ఇక్కడ మా ఊరి చలి గురించి ఒక మాట చెప్పాలి. ఎండాకాలం కాలిపోయే ఊరు మాది, బ్లేజ్‌వాడ అని ఊరికే అనరు. డిసెంబర్‌లో తెల్లారుజామున 18కో 17కో దిగిందంటే వీధి వీధంతా మంకీ క్యాపులే. అసలైన చలి చూడాలంటే కారు మాట్లాడుకుని లంబసింగి పోతాం, అక్కడ వణికి, ఫోటోలు దిగి, ఇంటికొచ్చి ఫ్యాన్ వేసుకుంటాం. అలాంటి ఊళ్ళో మా అమ్మా, అమ్మమ్మా కలిసి నాకు తయారుచేసిన సెట్ ఏంటంటే చెవుల్లో దూది, అది ఊడిపోకుండా తలకి స్కార్ఫు, కాళ్ళకి సాక్సులు, ప్రతి చలికాలం రోడ్డు పక్కన అమ్మే టిబెటన్ల దగ్గర బేరమాడి కొన్న మెరూన్ స్వెట్టరు, నడుంకట్టు కింద అమ్మమ్మ పాత మంగళగిరి చీర అయిదున్నర మీటర్లూ మోకాలు ఆనించి బిగించి చుట్టింది, వీటన్నిటికీ పునాదిగా నైటీ, భుజం మీద టవల్. లెక్కపెట్టుకోండి, సరిగ్గా ఏడు. న్యూయార్క్‌లో 1985లో కనిపెట్టింది మా అమ్మమ్మ 1985లో మా అమ్మకి ఆల్రెడీ చుట్టేసింది.

ఆ టవల్‌ని తక్కువగా చూడొద్దు. పాప తేన్చడానికి భుజాన వేసుకున్నప్పుడు కక్కే పాలకి అది ఆనకట్ట. మా ఇంట్లో ఇరవైనాలుగ్గంటలూ భుజం మీద గుడ్డ ఉండే హోదా ఇదివరకు మా తాతయ్య ఒక్కడికే ఉండేది, ఆయనది కండువా అనేవాళ్ళు, ఊళ్ళో తగాదాలు తీర్చేవాడు. నా టవల్ చూసి ఎవరూ లేచి నిలబడట్లేదు.

ఫ్యాన్ వేయడానికి లేదు, కిటికీ తీయడానికి లేదు, పైగా రోజూ స్నానం అవ్వగానే సాంబ్రాణి పొగ. "అమ్మా, చెమటలు కారుతున్నాయే" అంటే "పచ్చి ఒళ్ళు, ఇప్పుడు గాలి తగిలితే నలభై ఏళ్ళొచ్చాక తెలుస్తుంది" అంటుంది. దీనికి తిరుగులేదు, ఎందుకంటే నలభై ఏళ్ళకి నాకు నడుం నొప్పి ఎలాగూ వస్తుంది, అప్పుడు గెలిచేది అమ్మే. ఇది చాలదన్నట్టు పిల్లల డాక్టరమ్మ ఒకసారి "పెద్దవాళ్ళు వేసుకున్నదాని కంటే పాపకి ఒక్క పొర ఎక్కువుంటే చాలు" అంది. అమ్మ ఇంటికొచ్చి నా ఒంటి మీద పొరలు లెక్కపెట్టి దానికి ఒకటి కలిపింది. వారం తిరిగేసరికి పిల్ల మెడ నిండా చెమటకాయలు, మళ్ళీ డాక్టరమ్మ దగ్గర చివాట్లు, ఆ చివాట్లు కూడా నాకే.

ఇప్పుడు అసలు విషయం, నైటీ. క్యాప్సూల్ సూత్రం ప్రకారం బట్టలు ఎక్కువగా నలుపు, తెలుపు, బూడిద లాంటి రంగుల్లో ఉండాలంట. ఈ సలహా ఇచ్చినవాళ్ళ మీద ఎప్పుడూ ఏ పిల్లా కక్కలేదని దీన్నిబట్టి తెలిసిపోతుంది. నలుపు మీద కక్కిన పాలు ఎండితే గోడకి సున్నం కొట్టినట్టు పక్క వీధికి కనపడతాయి. అదే బీసెంట్ రోడ్‌లో కొన్న నైటీ మీద ఎర్ర పూలూ పచ్చ ఆకులూ పసుపు చుక్కలూ, దాని మీద ఏం పడ్డా డిజైన్‌లో కలిసిపోవాల్సిందే, కషాయం పడ్డా సరే. ముందు రెండు జిప్పులు, కుచ్చుల చాటున ఎవరికీ తెలీకుండా, చీకట్లో ఒంటి చేత్తో తీయొచ్చు. ఉన్ని పిల్ల బుగ్గకి గుచ్చుకుంటుంది, ఇది గుచ్చుకోదు. అలాంటివి మూడున్నాయి నాకు, ఒంటి మీదొకటి, బకెట్లో ఒకటి, మంచుకి ఆరక తీగ మీద వేలాడేది ఒకటి. అన్నీ అన్నిటితో మ్యాచ్ అవ్వాలన్నారు కదా, అవుతున్నాయి, మూడిటికీ ఒకటే వాసన.

చూడ్డానికి ఎవరన్నా వస్తే దీని మీదే చున్నీ. పక్కింటి ఆంటీకైతే ఊరికే వేసుకుంటే సరిపోద్ది, అత్తగారి వైపు వాళ్ళయితే మాత్రం చున్నీకి పిన్నీసు పెట్టాలి, పిన్నీసు పుస్తెలతాడుకి ఎప్పుడూ రెండు వేలాడుతుంటాయి కాబట్టి వెతుక్కునే పని లేదు. ఈ నగని కనిపెట్టినవాళ్ళకి ఏ ఫ్యాషన్ అవార్డూ ఇవ్వలేదు. వచ్చినవాళ్ళు పిల్ల ఎవరి పోలికో తేల్చుకున్నాక నా వైపు తిరిగి "ఏంటమ్మా అలా అయిపోయావు" అని, కాఫీ తాగి వెళ్ళిపోతారు.

మా ఆయన హైదరాబాద్ నుంచి శనివారాలు వస్తాడు. ఆయన మర్చిపోయి వెళ్ళిన జిప్ హుడీ ఒకటి ఇప్పుడు నాది, అది మాత్రం నా సొంత ఎంపిక, ఈ సెట్‌లో నన్నడిగి చేర్చింది అదొక్కటే. అన్నట్టు ఆయన పదేళ్ళుగా రెండు జీన్సులూ నాలుగు టీషర్టులతో గడిపేస్తున్నాడు, దాన్ని ఎవరూ సిద్ధాంతం అనలేదు, మగాళ్ళు అంతేలే అన్నారు. అక్క లిస్టు చూసి ఆయన కూడా సీరియస్‌గా, "నిజమే కదా, పొద్దున్న లేవగానే ఏం వేసుకోవాలనే టెన్షన్ ఉండదు" అన్నాడు. పొద్దున్న లేవాలంటే ముందు రాత్రి పడుకోవాలి కదండీ. లిస్టు పైనుంచి కిందదాకా మళ్ళీ చూశాను, పది ఐటమ్స్‌లో ఎక్కడా రాత్రి రెండున్నరకి పిల్లని అందుకునే ఇంకో జత చేతులు లేవు. ఉంటే కోటు లేకపోయినా కొనేదాన్ని. ఈ మాట ఆయనకి చెప్దామని చూస్తే అప్పటికే నిద్రపోయాడు, మా పాపకి కూడా అంత గాఢంగా పట్టదు నిద్ర.

ఇవాళ భోగి. తెల్లారుజామున వీధి చివర మంట వేశారు, అందరూ విరిగిన కుర్చీలూ పాత చీపుళ్ళూ తెస్తున్నారు, అమ్మ నా మూడు నైటీల్లో బాగా నలిగినదాన్ని పట్టుకుని బయల్దేరింది. నేను స్కార్ఫూ సాక్సులతో సహా గుమ్మం దాకా పరిగెత్తి ఆపాను, ఇంతలో అమ్మమ్మ వచ్చి ఇద్దర్నీ తిట్టింది, "మెత్తటి నూలు గుడ్డ తగలేస్తారా ఎవరన్నా, బుద్ధుందా" అని నా చేతుల్లోంచి లాక్కుని, అక్కడే అరుగు మీద కూర్చుని పర్రుమని చింపింది. ఎనిమిది పొత్తిగుడ్డలు వచ్చాయి. ఎర్ర పూలున్న ముక్క ఇప్పుడు పాప ఒంటికి ఉంది, అప్పుడే తడిపేసింది కూడా. నాకిక మిగిలినవి రెండు నైటీలు, బీరువా తాళం ఇంకా దొరకలేదు.