మళ్ళీ హాస్టలా?

(నల్గొండలో ఒక ఇల్లు. అమ్మ చిన్న సుత్తెతో చింతపండు గింజలు కొడుతోంది. చిన్నోడు ఉద్యోగం మానేసి నాలుగు రోజులైంది.)

అమ్మ: ఏ ఊరన్నావ్?

చిన్నోడు: వర్కల. కేరళ. మన దగ్గర శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా అక్కడే దిగుడు. సముద్రం ఒడ్డున ఎర్రమట్టి గుట్ట, గుట్ట మీద హాస్టల్.

(మా దిక్కు హాస్టల్ అంటే వార్డెను, బెల్లు, పళ్ళెం పట్టుకుని లైను. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని అమ్మకు ఎవరూ చెప్పలేదు.)

అమ్మ: హాస్టలా! ఆరో తరగతిలో వేస్తే మూడు నెలలకే గోడ దుంకి వచ్చినవ్. రేకుపెట్టె ఇంకా అక్కడనే ఉంది. సర్వేల్ గురుకులం పరీక్షకు తీసుకపోతే, సీటు వస్తదేమోనని తెల్లకాగితం ఇచ్చి వచ్చినవ్.

చిన్నోడు: ఇది తిరిగేటోళ్ళ హాస్టల్ అమ్మా. ఒక్క గదిలో ఎనిమిది మంది, మంచం మీద మంచం.

అమ్మ: అదే కదరా! నీళ్ళ పప్పు కూడా అదేనా?

చిన్నోడు: పొద్దున టిఫిన్ పెడతరు. పడుకోవడానికి కిరాయి లేదు. బదులుగా రోజుకు నాలుగైదు గంటలు, వారానికి ఐదు రోజులు పని. మిగతా టైమంతా తిరుగుడే. కిరాయి మిగిలితే ఉన్న పైసలతో ఆరు నెలలు లాగొచ్చు.

అమ్మ: జీతం?

చిన్నోడు: ఉండదు.

అమ్మ: ఏం పని?

చిన్నోడు: రిసెప్షన్‌లో కూర్చోవాలె. వచ్చినోళ్ళ ఆధార్, పాస్‌పోర్టు చూసి రాసుకోవాలె. పోయినోళ్ళ దుప్పట్లు మార్చాలె. ఇంకా... బాత్రూములు.

(సుత్తె ఆగింది.)

అమ్మ: బాత్రూములు?

చిన్నోడు: వంతులవారీగా.

అమ్మ: నీ బొంత చూడు, పాము కుబుసం లెక్క పడి ఉంది పొద్దుటి సంది.

చిన్నోడు: అక్కడ మలుస్త.

అమ్మ: ఇక్కడేం, నడుం వంగదా?

చిన్నోడు: ఇది అలవాటైతే ఆస్ట్రేలియా పోత.

అమ్మ: అక్కడి బాత్రూములకా?

చిన్నోడు: టూరిస్ట్ వీసా మీద పోయి అక్కడ పని చేయొద్దు. జీతం లేకున్నా, మంచం కోసం చేసినా చిక్కే. తిరుక్కుంట పని చేసుకునే వీసా వేరే ఉంది. 2024 నుంచి మనోళ్ళకూ ఇస్తున్నరు. 18 నుంచి 30 ఏళ్ళ వాళ్ళకు, ఏడాదికి వెయ్యి మందికి. డ్రా తీస్తరు.

అమ్మ: చిట్టీ లెక్కనా?

చిన్నోడు: అట్లనే.

అమ్మ: ఎన్ని చిట్టీలు కట్టిన! మన పేరు ఎప్పుడన్నా మొదటి నెల వచ్చిందా? నీకు 28 నడుస్తుంది.

(చిన్నోడు చింతగింజలు లెక్కపెడుతున్నాడు. అమ్మ కాసేపు చూసింది.)

అమ్మ: శబరి ఎన్నింటికి?

చిన్నోడు: టికెట్ ఇంకా తీయలే.

అమ్మ: పచ్చడి రెండు డబ్బాలు పెడత. ఆ వార్డెన్ నంబరు ఇయ్యి. నీకు దుమ్ము పడదని, కింది మంచం ఇయ్యమని చెప్త.

చిన్నోడు: వార్డెన్ కాదమ్మా, మేనేజర్. వానికి ఇరవై నాలుగేళ్ళు!

అమ్మ: అయితే వాళ్ళమ్మ నంబరు ఇయ్యి.