డ్రోను లేచే చోటు ఏది?

మందు కొట్టే డ్రోన్ల మాట వస్తే ఎకరానికి ఎన్ని నిమిషాలు, కూలి ఎంత కలిసొస్తుంది అన్న లెక్కలే వినిపిస్తాయి. అది ఎక్కడి నుంచి పైకి లేస్తుందని అడిగేవారు తక్కువ. బండి ఆగిన చోటే టేకాఫ్: డొంక పక్కన, బోరు మోటారు దగ్గర, కరెంటు తీగల కింద. ఈ అలవాటు ప్రమాదకరం. దీన్ని మాన్పించాల్సిన బాధ్యత వ్యవసాయ శాఖలదే.

డ్రోను తాను లేచిన చోటునే 'ఇల్లు'గా గుర్తుపెట్టుకుంటుంది. రిమోట్‌తో సంబంధం తెగితే, ముందుగా పెట్టిన ఎత్తుకు ఎక్కి, ఆ చోటి నడినెత్తికి వచ్చి, నిలువునా కిందికి దిగుతుంది. మధ్యలో 11 కేవీ లైనో తాడిమట్టో ఉంటే సరాసరి దాని మీదికే. రాడార్ ఉన్న డ్రోన్లకైనా సన్నటి తీగ ప్రతిసారీ కనపడదు. బోరు మోటారు, ట్రాక్టరు, ఇనుప గేటు పక్కనుంచి లేపితే ఇంకో చిక్కు: లోపలి దిక్సూచి తప్పుతుంది. గాల్లో నిలవకుండా సుడులు తిరుగుతూ జారే డ్రోను, చూడ్డానికి మూగిన పిల్లల మీదికి రావడానికి రెండు సెకన్లు చాలు.

ఇక బరువు. 10 లీటర్ల ట్యాంకు నింపితే చాలా డ్రోన్లు 25 కిలోల దాకా తూగుతాయి. 40 డిగ్రీల ఎండలో గాలి, 15 డిగ్రీలప్పటి కన్నా సుమారు 8 శాతం పలచన. అదే బరువు ఎత్తాలంటే రెక్కలు మరింత వేగంగా తిరగాలి. బ్యాటరీ వేడెక్కి, వోల్టేజీ ఉన్నట్టుండి జారిపోతుంది. మందు చల్లే విమానంలోనైతే పైలట్ మీట లాగి ట్యాంకంతా కుమ్మరించి బయటపడతాడు. డ్రోనుకు ఆ దారి లేదు, నాజిళ్ల గుండా కొద్దికొద్దిగా పోవాల్సిందే. కాబట్టి ఎంత పోయాలన్నది నేల మీదే తేల్చుకోవాలి. మండుటెండలో ఏడు లీటర్లతో సరిపెట్టుకోవడం మేలు. అసలు ఆ పూట కొట్టకుండా తెల్లవారుజామున కొట్టడం ఇంకా మేలు.

లేపే ముందు మోటార్లను మోసే మడత చేతుల లాకులు చేత్తో లాగి చూడాలి. రెక్క అంచున గోటితో రాస్తే పగులు తెలుస్తుంది. సెల్‌ల మధ్య తేడా 0.1 వోల్టు దాటిన బ్యాటరీని పక్కన పెట్టాలి. దుమ్ము లేవకుండా పట్టా పరిచేవాళ్లు నాలుగు మూలలా మేకులు కొట్టకపోతే ఆ పట్టాయే రెక్కల్లోకి లేస్తుంది. మనుషులను దూరం పంపి, రెండు మీటర్ల ఎత్తున పది సెకన్లు నిలిపి, మోటార్ల చప్పుడు ఒకే తీరుగా ఉందా అని వినాలి. తేడాగా ఉంటే దించేయాలి.

నమో డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లివ్వాలని కేంద్రం 2023లో నిర్ణయించింది. 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల సాయం. శిక్షణ 15 రోజులు, అందులో ఎగరేయడానికి 5 రోజులు. మైదానంలో నేర్చుకున్న అక్కచెల్లెళ్లు వచ్చేది తీగలల్లుకున్న చేలల్లోకి. చోటు వెతుక్కునే భారం కూడా వారి మీదే వేయడం న్యాయం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ వ్యవసాయ సహాయకులు, తెలంగాణలో వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈఓలు) లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని సీజనుకు ముందే ఊరికి నాలుగైదు చోట్లు చూసి సున్నం పూసిన గుర్తు రాళ్లు పాతించాలి. చుట్టూ పది మీటర్లు ఖాళీగా, పైన ఆకాశం తప్ప ఏమీ లేకుండా ఉండాలి. ఆ చోట్ల పటం డ్రోనుతో పాటే సంఘం చేతికి అందాలి.