బాబూ, ఆ పైన్ చెట్ల మెసేజ్ ఇంక చాలు

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఫీసు గ్రూపులో, ఆఖరికి మా పిన్ని నుంచి కూడా. "పైన్ ఎక్కడైనా బతుకుతుంది, నీళ్లక్కర్లేదు, రాతిలోనూ పెరుగుతుంది, రాత్రీ పగలూ ఆక్సిజన్ ఇస్తుంది. కైలాసగిరి నిండా నాటితే అయిదేళ్లలో విశాఖ సిమ్లా అయిపోతుంది." కింద లంబసింగి వైపు తీసిన ఫొటో.

రాత్రి ఆక్సిజన్‌కి రాత్రి ఎండ కాయాలి. సిమ్లా చల్లదనం రెండు వేల మీటర్లు దాటిన ఎత్తుది, చెట్లు తెచ్చింది కాదు.

"ఎక్కడైనా బతుకుతుంది"ట. హిమాలయాల్లోనే చీర్ పైన్ కిందివాలుల్లో ఉంటుంది, కైల్ అనే ఇంకో రకం పైన్ ఇంకా ఎత్తులో, చిల్గోజా పైన్ వానలు తక్కువున్న లోపలి లోయల్లో. దక్షిణాదిలో సహజంగా మొలిచిన పైన్ ఒక్కటీ లేదు. ఏజెన్సీలో ఉన్నవి నాటినవే, అదీ సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో. కైలాసగిరి ఎత్తెంత? రోప్‌వే ఎక్కితే ఒక రీల్ చూసేలోపు పైనుంటాం.

ఇక "రాతిలోనూ". నాకు ఒళ్లు మండేది ఇక్కడే. బతకడం వేరు, పెరగడం వేరు. ఒకే కొండ మీద, ఒకే విత్తనంతో, ఒకే ఏడు నాటినా, కింద మట్టి లోతున్న చోటివి నిటారుగా సాగుతాయి, శిఖరం దగ్గర పలచటి మట్టిలోవి గిడసబారతాయి. అందుకే ఫారెస్టు వాళ్లు ఫలానా వయసుకి పొడవైన చెట్లు ఎంత ఎత్తొచ్చాయో కొలిచి ఆ నేల సత్తువ చెబుతారు. నీళ్లు నిలిచినా కష్టమే, వేర్లకి ఊపిరాడదు. పైగా వేర్లతో కలిసి బతికే ఒకరకం బూజు మట్టిలో లేకపోతే మొక్క పసుపెక్కి ఆగిపోతుంది. 1950ల్లో ప్యూర్టోరికోలో ఇదే జరిగింది. పైన్ అడవి మట్టి తెచ్చి కలిపాకే మొక్కలు లేచాయి. మన మెసేజ్‌లో ఆ బూజు ఊసు లేదు, సెల్ఫీ పాయింట్ ఉంది!

పోనీ బతికాయే అనుకుందాం. రాలిన సూదాకులు మేలో ఎండి పరుచుకుంటాయి. ఒక్క బీడీ ముక్క చాలు. ఉత్తరాఖండ్ చీర్ అడవులు ఎలా అంటుకుంటాయో టీవీలో చూడలేదా? కైలాసగిరి కింద ఇళ్లున్నాయి మహాప్రభో.

ఒక్కటి ఒప్పుకుంటాను. ఇతర చెట్లు నిలదొక్కుకోలేని సత్తువ లేని నేలలో పైన్ నెగ్గుకొస్తుంది, ఆ మాట నిజమే. ఇంకొకటి కూడా చెప్పేస్తాను. మా డాబా మీద కుండీలో ఏడేళ్లుగా ఒక "పైన్" పెంచుతున్నాను, వచ్చినవాళ్లందరికీ చూపిస్తాను. నిన్న ఈ మెసేజ్ మీద కోపంతో వెళ్లి ఆకులు పట్టి చూశాను. అసలు పైన్ కాదు, అరౌకేరియా. నర్సరీ వాళ్లు క్రిస్మస్ చెట్టని అమ్మేది.