డెబ్భై గేట్లు

స్కేలు లేకుండా తిన్నగా గీత గీయగలిగినవాళ్ళకి ఓ జబ్బుంటుంది. ఎదుటివాడి చేతిలో స్కేలు కనబడితే చాలు, దొంగసొత్తు పట్టుబడ్డట్టు చూస్తారు. సత్యనారాయణపురంలో మా అపార్ట్‌మెంట్‌లో ఉండే రిటైర్డ్ డ్రాయింగు మాస్టారు ఆ బాపతే. దసరా స్టేజీ వెనక కట్టే గుడ్డ మీద ఇంద్రకీలాద్రి, పక్కనే ప్రకాశం బ్యారేజీ ఉండాలని కమిటీ తీర్మానించగానే, "ఫ్రీహ్యాండ్‌లో వేసి పారేస్తా" అని పంచె ఎగ్గట్టారు.

కొండ మాత్రం అదిరింది, ఆ మాట ఒప్పుకోవాలి. బొగ్గుముక్కతో ఒక్క విసురులో లేచి నిలబడింది. చిక్కంతా బ్యారేజీతోనే. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీకి 70 గేట్లు. మాస్టారు ఒక్కో గేటూ ముద్దుగా చెక్కుకుంటూ పోతే ముప్పయ్యో గేటు దగ్గర గుడ్డ అయిపోయింది. ఇక సీతానగరం వెళ్ళాల్సినవాళ్ళు కృష్ణలో దూకాల్సిందే.

"ముందు చుక్కలు పెట్టుకోవాల్సింది మాస్టారూ" అన్నారు కింద ఫ్లాట్ పిన్నిగారు. 15 చుక్కలు, సందు చుక్క 8 వరకూ అంటే కళ్ళు మూసుకుని పెట్టేసే మనిషి ఆవిడ.

"చుక్కలు ముగ్గుకమ్మా, కళకి కాదు!"

1525లోనే జర్మనీలో డ్యూరర్ అంతటి చిత్రకారుడు, మధ్యలో అద్దం నిలబెట్టి, ఎదురుగా కూర్చున్న మనిషిని ఆ అద్దం మీదే గీసుకునే పద్ధతిని బొమ్మతో సహా పుస్తకంలో అచ్చేయించాడు. ఆ ముక్క చెబుదామనుకున్నాను గానీ, మాస్టారి ముక్కుపుటాలు అదురుతుంటే ఊరుకున్నాను.

సెక్రటరీగారు రంగంలోకి దిగారు. బావమరిది చేత ప్రొజెక్టరు తెప్పించారు. రాత్రి సెల్లార్‌లో లైట్లన్నీ ఆర్పి, కొత్త గుడ్డ మీద బ్యారేజీ ఫొటో పడేలా పెట్టి, "కనబడ్డ అంచల్లా గీసెయ్యండ్రా, బుర్ర వాడకండి" అని పిల్లలకి చాక్‌పీసులిచ్చారు. పర్యవేక్షణ కోసం ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ప్రొజెక్టరు ముందే కూర్చున్నారు. పావుగంటలో గుర్రు. లేపితే క్లాసు పీకుతారని పిల్లలు లేపలేదు. చెప్పినట్టే బుర్ర వాడకుండా గీశారు.

తెల్లారి చూస్తే 70 గేట్లూ లెక్కకి సరిపోయాయి. ముందున్న నీళ్ళలో నున్నగా ఓ దిబ్బ. దానికి ఆకుపచ్చ రంగు పూసి, పైన నాలుగు చెట్లు కూడా పెట్టారు.

"అబ్బో, భవానీ ద్వీపం కూడా మర్చిపోలేదే!" అన్నారు జనం.

"ఐడియా మనదే" అన్నారు సెక్రటరీగారు, నెత్తి నిమురుకుంటూ.

మాస్టారు చేతులు కట్టుకుని చాలాసేపు చూశారు. "కొలతలు బాగానే కుదిరాయి. ద్వీపానికి అటూ ఇటూ ఆ పడవలెందుకు?"

కాఫీ తెచ్చిన సెక్రటరీగారి భార్య కళ్ళజోడు సర్దుకున్నారు. "పడవలు కాదు మాస్టారూ, మావారి చెవులు. చూడండి, ఎడమది కాస్త పెద్దది."